రమ్మన్న చెయ్యి

నక్కలగుట్టలో కళ్ళద్దాల దుకాణం మీది అంతస్తులో ఉంది మహిత పనిచేసే ల్యాబు. ల్యాబు అనగానే గాజు గోడలు, తెల్లకోట్లు ఊహించుకోకండి. మూడు గదులు, ఒక వరండా, ఎండాకాలంలో కారే కూలరు, వానాకాలంలో కారే కప్పు. అంతే. అందులో కూర్చుని ఆ పిల్ల కొన్నేళ్ళుగా ఒక చిప్ గీస్తోంది. పెసరగింజంత ఉంటుంది. మన నరాల కణాలు మాట్లాడుకునేటప్పుడు పుట్టే కరెంటు ఉంటుంది చూడండి, ఉందో లేదో అన్నంత చిన్నది. దాన్ని పట్టుకుని, పెద్దది చేసి, బయటికి చూపించడం ఆ చిప్ పని.

ఆ సోమవారం మధ్యాహ్నం ల్యాబు పెళ్ళివారిల్లులా ఉంది. హైదరాబాదు నుంచి పెద్దవాళ్ళు దిగారు. మహితకు పై అధికారి రమాకాంత్ సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. బల్ల మీద ఒక ప్లాస్టిక్ చెయ్యి బోర్లా పెట్టి ఉంది. పక్కన కుర్చీలో కొత్తవాడలో ఉండే పండరి, ఆయన వెనకాల భార్య నిర్మల.

పండరి ఒకప్పుడు జంపఖానాలు నేసినవాడు. మగ్గం కూడు పెట్టక కరెంటుతో నడిచే సాంచెల షెడ్డులో చేరితే, మోటారు పట్టా ఆయన కుడిచేతిని మణికట్టు దాకా లాక్కుపోయింది. ఆ మిగిలిన మొండిచేతి చర్మం కిందనుంచి వెంట్రుకల్లాంటి తీగలు బయటికి వచ్చి చిప్ ఉన్న పెట్టెలోకి వెళ్తున్నాయి. వేలికొక తీగ. మహితది కూడా కొత్తవాడే, పండరి ఇంటికి నాలుగిళ్ళ అవతల. చిన్నప్పటి నుంచీ మామా అని పిలిచిన మనిషి. ఇంకెవరు అడిగినా ఆయన ఒంట్లో తీగలు పెట్టనిచ్చేవాడు కాదు.

"మామా, పిడికిలి బిగించు," అంది మహిత.

"లేని చెయ్యితోనా బిడ్డా?"

"ఉన్నదనుకో."

పండరి కళ్ళు మూసుకున్నాడు. మహిత ప్లాస్టిక్ చేతి స్విచ్ నొక్కింది. బల్ల మీద ప్లాస్టిక్ వేళ్ళు మెల్లగా ముడుచుకున్నాయి. విప్పుకున్నాయి. మళ్ళీ ముడుచుకున్నాయి. గదిలో చప్పట్లు. పండరి కళ్ళు తెరిచి చూసి, ఎడమచేత్తో మొఖం కప్పుకున్నాడు. "నాదే... నా చెయ్యే బిడ్డా," అన్నాడు. నిర్మల కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అంత సంతోషం ఆ పిల్ల జన్మలో ఎరగదు.

చెయ్యి బోర్లా ఉంది కదా, వేళ్ళు ముడిచి విప్పుతుంటే ఎవరినో ఇటు రా, ఇటు రా అని పిలుస్తున్నట్టే ఉంది. టీ తాగుతూ ఒక పెద్దాయన, "నన్నేనా పిలుస్తున్నది?" అంటే అందరూ నవ్వారు. ఆ మధ్యాహ్నమంతా అది అట్లా పిలుస్తూనే ఉంది.

ఆ చప్పట్లలోనే పండరి ఆపరేషనుకు ఒప్పుకున్నాడు. అదొక్కటి గుర్తు పెట్టుకోండి. అప్పటిదాకా ససేమిరా అన్న మనిషి. ఈ తీగలు తాత్కాలికం. శనివారం నాడు మోచేయి దాకా కోసి తెరిచి, మానిపోయిన నరాల కొసలు మళ్ళీ కత్తిరించి, చిప్‌ను లోపలే శాశ్వతంగా పెడతారు. అది పనిచేయకపోతే మోచేతి కింద ఉన్న కాస్త స్పర్శా పోతుంది. పండరి ఇప్పుడు ఆ మొండిచేత్తోనే అదిమిపట్టి నూలు కండెలు చుట్టి బతుకుతున్నాడు. "ఉన్నదాన్ని గూడ కోసుకుంటానా," అని ఇన్నాళ్ళూ అన్నవాడు, వేళ్ళు కదలడం చూసి, "కొయ్యుండ్రి సార్, నాకు మా బిడ్డ మీద నమ్మకమున్నది," అన్నాడు.

అందరూ వెళ్ళిపోయారు. పండరి, నిర్మల ఆటో ఎక్కారు. మహిత వచ్చి గ్లాసులు సర్దింది, కుర్చీలు గోడకు చేర్చింది. బల్ల మీద చెయ్యి ఇంకా ముడుస్తోంది, విప్పుతోంది. దాన్ని చూసి ముచ్చటగా నవ్వుకుంది కూడా. ఆ నవ్వు మొఖం మీదే ఆగిపోయింది.

పండరి ఇంటికి వెళ్ళిపోయాడు. తీగలు ఎవరి చేతికీ లేవు. మరి ఇది ఎట్లా కదులుతోంది?

చిప్ గీసేవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మనిషి లేకుండానే చిప్ బాగుందో లేదో చూసుకోవడానికి దాని లోపలే ఒక ఉత్తుత్తి సిగ్నల్ పెట్టుకుంటారు. టెస్ట్ సిగ్నల్ అంటారు. పొద్దున్నే ఆన్ చేయాలి, చూసుకోవాలి, ఆఫ్ చేయాలి. మహిత ఆ టెస్ట్ సిగ్నల్ కోసం తన ముంజేతికే పట్టీలు అంటించుకుని, పిడికిలి బిగించి వదులుతూ రికార్డు చేసింది. ఆ పనితనానికి మురిసిపోయింది కూడా. పొద్దున హడావిడిలో ఆన్ చేసింది. ఆఫ్ చేయడం మరిచిపోయింది.

ఆఫ్ చేసింది. చెయ్యి ఠక్కున ఆగిపోయింది.

మధ్యాహ్నం రికార్డు తీసి, అందులోంచి తన సిగ్నల్ తీసేసి చూసింది. గీతలు. అచ్చంగా తిన్నటి గీతలు. పండరి నరాలు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. లోపల మాంసం పెరిగి తీగల కొసలను కప్పేసినట్టుంది. అక్కడ బల్ల మీద కదిలింది మహిత చెయ్యి. అది ముడుచుకున్నప్పుడల్లా ఆ వెర్రిబాగులాయన తానూ పిడికిలి బిగించాడు, దాన్ని చూసి ఏడ్చాడు, కోత కోయించుకోవడానికి ఒప్పుకున్నాడు.

మహితకు ఒళ్ళంతా వేడెక్కిపోయింది. చెవులు కాలిపోతున్నాయి. ఎవరూ లేని గదిలో కూడా తలెత్తలేకపోయింది. చివరికి రమాకాంత్ సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన మొదట ఒక్కటే అడిగాడు.

"ఎవరికన్నా చెప్పినవా?"

"లేదు సార్."

"చెప్పకు. శనివారం ఎట్లైనా కొత్త తీగలేస్తరు కదా. అప్పుడు నిజం సిగ్నలే వస్తది. ఇప్పుడు బయటపడితే ఇన్నేండ్ల పని మట్టిల కలుస్తది. ముందు నీ పేరే పోతది మహితా."

"సరే సార్," అంది.

అట్లా అనేసింది. ఎదురుచెప్పలేదు, ఆలోచించుకుంటాననలేదు. ఆ ఒక్క మాటకు తర్వాత తన చెంపలు తనే ఎన్నిసార్లు వాయించుకుందో ఆ పిల్లకే తెలుసు.

ఆ వారం కొత్తవాడలో నడవడం మహితకు నరకమైంది. ఎవరు కనబడినా ఆపి, "మా పండరికి చెయ్యి తెచ్చిచ్చినవట కదా, చల్లగుండు," అంటారు. నిర్మల వేడి వేడి సర్వపిండి గిన్నెలో పెట్టి మూత వేసి తెచ్చింది. "నీ చెయ్యి సల్లగుండ బిడ్డా," అంది. మహిత ఆ గిన్నె అందుకుని లోపలికి వెళ్ళి, ఒక్క ముక్క కూడా మింగలేక, తలుపు చాటున నిలబడి ఏడ్చింది. చెప్పేయాలి. ఈ సాయంత్రం చెప్పేయాలి. రేపు చెప్పేయాలి. అట్లా గడిచిపోయాయి రోజులు.

ఒకనాడు అరుగు మీద కూర్చున్న పండరి పిలిచాడు.

"బిడ్డా, ఆ పొద్దుసంది చెయ్యి మంచిగ తెలుస్తాందే. పండుకుంటే సాలు, వచ్చి పట్టుకుంటది."

"పట్టుకుంటదా?"

"ఆఁ. ఎవలో చెయ్యిల చెయ్యేసినట్టు. సల్లగ."

చెయ్యి పోయినవాళ్ళకు చెయ్యి ఉన్నట్టే అనిపిస్తుందని, అది మెదడు చేసే మాయ అని మహిత చదువుకుంది. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు కూడా తర్వాత సిగ్గుపడింది.

శుక్రవారం వచ్చింది. ఆపరేషనుకు ముందు చివరి రికార్డింగు. పొద్దుగూకే వేళకు పండరి ఒక్కడే గొడుగు వేసుకుని వచ్చాడు. బయట వాన దంచి కొడుతోంది. ఆయన మెట్లెక్కుతుండగానే వీధంతా కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కంప్యూటరు, చిప్ పెట్టె, గోడకు ఒక చిన్న లైటు మాత్రం మిగిలాయి. కిటికీ అవతల చౌరస్తా మొత్తం నల్లబడిపోయింది. కారే కప్పు కింద పెట్టిన బకెట్లో చుక్కలు పడుతున్నాయి.

మహిత ఆ రోజు గట్టిగా అనుకుని వచ్చింది. ఏమైనా కానీ చెప్పేస్తాను. టెస్ట్ సిగ్నల్ ఆఫ్‌లో ఉందని చూసింది, మళ్ళీ చూసింది. పండరి తీగలు పెట్టెకు తగిలించింది. నరాల సంకేతాలు వినడానికి స్పీకరు కూడా పెట్టింది. కణం ఒకసారి పలికితే స్పీకర్లో టప్ అంటుంది, పెనంలో పేలాలు వేగినట్టు. ఏమీ రాలేదు. తెర మీద గీతలు కదలకుండా పడి ఉన్నాయి.

"మామా," అంది. "నీకొకటి చెప్పాలె."

"చెప్పు బిడ్డా."

టప్.

మహిత తెర వైపు చూసింది. ఒక గీత మీద చిన్న ముల్లు లేచి పోయింది. వాన ఉరుముకు అట్లా అవుతుందిలే అనుకుంది.

టప్... టప్.

"మామా, నువ్వు కదిలిస్తానవా?"

"లేదు. ఊకనే కూసున్న."

టెస్ట్ సిగ్నల్ చూసింది. ఆఫ్. లేచి వెళ్ళి వరండా తలుపు మూసింది. తిరిగి వచ్చేసరికి స్పీకరు ఆగకుండా చిటపటలాడుతోంది. గదిలో మట్టివాసన నిండింది. వాన పడితే వచ్చే కమ్మటి వాసన కాదు. లోతుగా తవ్వితే వచ్చేది... చెమ్మగా, ఉప్పుఉప్పగా, ముక్కుకు అంటుకునేది.

బల్ల మీద ప్లాస్టిక్ చెయ్యి కదిలింది.

ముడిచి విప్పడం కాదు. ఒక్కొక్క వేలే ఎత్తి ఒక్కొక్కటే ఆనించింది. బల్లను తడిమింది. కళ్ళు లేనివాళ్ళు కొత్త ఇంట్లో గోడను తడుముకున్నట్టు... అంచు దాకా వెళ్ళింది. అంచు తగిలాక ఆగింది.

మహిత పండరి తీగలను పెట్టెలోంచి ఊడబెరికింది. ఇప్పుడు ఆయనకూ చిప్‌కూ సంబంధం లేదు. తీగల కొసలు ఆయన ఒళ్ళో వేలాడుతున్నాయి. పెట్టె నోరు ఖాళీగా ఉంది.

టప్ టప్ టప్ టప్...

"సల్లగున్నది బిడ్డా," అన్నాడు పండరి గుసగుసగా. "వచ్చింది."

ఇక మహిత ఆగలేకపోయింది. భయానికో, సిగ్గుకో, రెంటికీనో, ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, "మామా, సోమవారం నాడు కదిలింది నీ చెయ్యి కాదు," అంది. "అది నేను చిప్‌ల పెట్టిన సిగ్నల్. నా చెయ్యితోని తీసింది. బంద్ చేసుడు మర్చిపోయిన. అదే పొద్దు నాకు తెలిసింది మామా. తెలిసి కూడ చెప్పలే. నీ నరాలేం పలకలే."

పండరి ఆమె వైపు చూశాడు. తిట్టలేదు. మొఖంలో కోపం కూడా లేదు. ఏదో లెక్క కుదరనివాడిలా చూశాడు.

"అంటే నాకు చెయ్యి రాలేదా?"

"రాలేదు మామా."

స్పీకరు చిటపటలాడుతూనే ఉంది. పండరి అడిగాడు.

"మరి సోమవారం సంది నన్ను పట్టుకున్నదెవలు?"

మహిత తల ఎత్తి ఆయన మొండిచేతి వైపు చూసింది.

"నా చెయ్యిని దవాఖానల మూటగట్టి ఇచ్చిండ్రట," అన్నాడు ఆయన. "మా తమ్ముడు తీస్కపోయి, ఉప్పు పోసి, బొందలగడ్డ అంచుకు, సమాధుల పక్కపొంటి పాతిపెట్టి వచ్చిండు. నన్ను సూడనియ్యలే. గదే తిరిగొచ్చిందనుకున్న. నువ్వు పిలిస్తె వచ్చిందనుకున్న. కానీ..." ఆయన ఎడమచేతిని చాపి, మొండిచేతి కొసన ఖాళీ గాలిలో మెల్లగా తడిమాడు. ఎదుటివాళ్ళ చేతిని తడిమి గుర్తుపట్టినట్టు. "బొటనేలు ఇటుండాలె బిడ్డా. ఇది అటున్నది. రోజూ సూస్తాన, అటే ఉంటాంది. ఇది ఎడమ చెయ్యి."

మహిత లేచి తెర చూసింది. బొటనవేలి గీత మీద చిటికెనవేలి సిగ్నల్, చిటికెనవేలి గీత మీద బొటనవేలిది. ప్లగ్గు తిరగేసి పెట్టి ఉంటాను అనుకుంది, అందరూ చేసే పొరపాటే కదా. కానీ ప్లగ్గు ఎక్కడుంది? ఊడబెరికి ఆయన ఒళ్ళో వేసింది తనే.

"నా చెయ్యి పక్కపొంటి ఎవలున్నరో ఎవలు సూసిండ్రు," అన్నాడు పండరి. "నువ్వు ఆ పొద్దంత రమ్మంటివి. ఇనపడ్డోళ్ళు వచ్చిండ్రు."

బల్ల మీద చెయ్యి మళ్ళీ తడమడం మొదలుపెట్టింది. ఈసారి పండరి కూర్చున్న వైపు.

"రేపు కోస్తే ఇది లోపటికొస్తది. డాక్టర్ సాబుకు చెప్పు బిడ్డా. నేను చెప్తే భయపడ్తాండు అంటరు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వు చెప్తే ఆపుతరు." "చెప్తవా?"

"చెప్త మామా. ఒట్టు."

అప్పుడే ఫోన్ మోగింది. రమాకాంత్ సార్. రికార్డింగు ఆయన ఇంట్లో కూడా కనిపిస్తుంది.

"మహితా, చూస్తున్న. ఇంత మంచి సిగ్నల్ నేను ఎక్కడా చూడలే," అన్నాడు. గొంతులో తడి ఉంది. "ప్లగ్గు తిరగేసి పెట్టినట్టున్నవ్, వేళ్ళ వరుస తారుమారైంది. ఫికర్ లేదు, సాఫ్ట్‌వేర్ల తిప్పేస్తే సరిపోతది. డాక్టర్ గారు కూడా లైన్‌లో ఉన్నరు, మాట్లాడు."

డాక్టరు మెల్లగా, మర్యాదగా అడిగాడు. "అమ్మా, సోమవారం సంగతి రమాకాంత్ గారు ఇప్పుడే చెప్పారు. పర్వాలేదు, పొరపాట్లు జరుగుతాయి. ఇవాళ్టిది చెప్పండి. టెస్ట్ సిగ్నల్ కాదు కదా? ఇది నిజమైనదేనా? మీరు ఊఁ అంటేనే నేను కత్తి పట్టుకుంటాను."

ఇంతకంటే మంచి అవకాశం ఎవరికి వస్తుంది చెప్పండి. మనిషి అడుగుతున్నాడు. ఒక్క మాట అంటే చాలు. మహిత నోరు తెరిచింది. ఏమనాలి? నిజమే సార్, కానీ మా మామది కాదు అనాలా? తీగలు ఊడబెరికినా వస్తోంది అనాలా? ఎడమ చెయ్యి, బొందలగడ్డ, ఎవరో వచ్చారు అనాలా? ఫోన్‌లో ఆ చివర ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత ఒక చిన్న నవ్వు... ఆ నవ్వు ముందే వినిపించింది ఆమెకు. ఇంత చదువు చదివి, చిప్ గీసిన పిల్ల, దెయ్యమంటోంది అని రేపు హైదరాబాదు దాకా పాకుతుంది. వేరే అబద్ధమైనా ఆడవచ్చు కదా, తీగ తెగిందనో, పెట్టె కాలిందనో! అదైనా తట్టలేదు. మొఖం మండిపోతుంటే, నాలుక దానంతటదే కదిలింది.

"నిజమైనదే సార్."

"పేషెంటు సిద్ధమేనా?"

"సిద్ధమే సార్."

ఫోన్ పెట్టేసి తల తిప్పితే, పండరి ఆమెనే చూస్తున్నాడు. అంతా విన్నాడు. తిట్టినా, చెయ్యి చేసుకున్నా బాగుండేది. ఎడమచేత్తో చొక్కా చెయ్యి కిందికి లాక్కుని, గొడుగు తీసుకుని, చీకట్లో గోడ పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఆయన గుమ్మం దాటగానే స్పీకరు ఆగిపోయింది.

శనివారం పొద్దున్నే నిర్మల ఫోన్ చేసింది. ఎందుకు చేసిందో మహితకు తెలుసు. మామ భయపడుతున్నాడని, వద్దంటున్నాడని, ఏదేదో అంటున్నాడని, నువ్వే చెప్పు బిడ్డా చేయించాలా వద్దా అని. మహిత ఫోన్‌ను చేతిలో పట్టుకుని పేరు చూస్తూ నిలబడింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఫోన్‌ను దిండు కింద పెట్టి, దిండు మీద చేతులు పెట్టి, అట్లా కూర్చుంది.

బిడ్డ వద్దనలేదు కదా అని నిర్మలే పండరికి నచ్చజెప్పి దవాఖానకు తీసుకుపోయింది. ఆపరేషను బాగా జరిగింది. చెయ్యి పనిచేసింది. రమాకాంత్ సార్ స్వీట్లు పంచాడు, పేపర్లో ఫోటో వేయించాడు. వేళ్ళ వరుస సాఫ్ట్‌వేర్లో తిప్పింది మహితే. చేయనని అనే ధైర్యం దానికీ చాలలేదు.

దవాఖానకు పోవడానికి మాత్రం కాళ్ళు రాలేదు. వాడకట్టంతా చూసి వచ్చాక, ఇక పోకపోతే బాగుండదని, ఒక మధ్యాహ్నం పండ్లు తీసుకుని వెళ్ళింది. వార్డులో ఎండ పడుతోంది. పండరి వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. ఎడమచేతికి సెలైన్ ఎక్కుతోంది, కదలకుండా అట్టకు కట్టేశారు. కుడివైపు దుప్పటి మీద, మొండిచేతికి తొడిగిన ప్లాస్టిక్ చెయ్యి.

నిర్మల స్టూలు మీద కూర్చుని ఉంది. మహితను చూసి లేచింది. ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకుంది ఆ పిల్ల, అదంతా వృథా అయింది.

"చెయ్యి మంచిగనే పనిచేస్తాంది బిడ్డా," అంది నిర్మల. "గిలాస పట్టుకుంటాంది, చెంచ పట్టుకుంటాంది. మీ మామనే మాట్లాడుతలేడు. ఆపరేషను కాడినుంచి ఒక్క ముచ్చట లేదు. గా చెయ్యి దిక్కు సూడనే సూడడు." స్టూలు జరిపి, "జర కూసో. చాయ తెస్త," అని ఫ్లాస్కు తీసుకుని వెళ్ళింది.

మహిత స్టూలు మీద కూర్చోలేదు. ఆ కుడివైపే నేల మీద కూర్చుంది. మంచం పట్టెకు నుదురు ఆనించింది. ఎండకు ఇనుము వెచ్చగా ఉంది.

"తప్పయింది మామా," అంది. ఆ మాట బయటికి రాగానే మిగిలిందంతా దాని వెనకే వచ్చింది. "చెప్పనీకె భయం కాదు మామా, సిగ్గయింది. వాళ్ళు నవ్వుతరని సిగ్గయింది. నా సిగ్గు కోసం నిన్ను కోయించిన. నన్ను తిట్టు. ఏమన్న అను."

జవాబు లేదు. వెక్కుతూ అట్లాగే ఉంది. కొంతసేపటికి తల మీద చెయ్యి పడింది.

మెల్లగా, బరువుగా, ప్రేమగా పడింది. నిమిరింది. మహితకు ఒక్కసారిగా ఒళ్ళంతా వదులైపోయి, ఇన్నాళ్ళ ఏడుపు ఒక్కసారే వచ్చింది. ఎంత మంచివాడు మామ. ఇంత చేసినా క్షమించాడు. ఆ చెయ్యి నిమురుతూనే ఉంది. వేళ్ళు జుట్టులోకి దిగాయి. క్లిప్పు తీసి పక్కన పెట్టాయి. చిక్కు తగిలిన చోట ఆగి, నొప్పి పెట్టకుండా విడదీశాయి. రోజూ చేసే పని చేసినట్టు, ఓపికగా.

అప్పుడు వినబడింది గురక.

పండరి నిద్రపోతున్నాడు. సన్నగా, తీరిగ్గా గురక పెడుతున్నాడు. మహిత తల ఎత్తకుండానే కళ్ళు మాత్రం పక్కకు తిప్పింది. కిటికీ గట్టు మీద, చార్జింగు పెట్టిన బ్యాటరీ. ప్లాస్టిక్ చేతిలో ఉండాల్సిన బ్యాటరీ. దాని మీద పచ్చలైటు వెలుగుతోంది.

వేళ్ళు ఆగలేదు. జుట్టును మూడు పాయలు చేశాయి. పాయ మీద పాయ సరిచేశాయి.

లేవాలనుకుంది. అత్తా అని పిలవాలనుకుంది. మంచం పట్టెను పట్టుకుని అట్లాగే ఉండిపోయింది...

మూడు పాయలూ పట్టుకుని ఆ చెయ్యి కదలకుండా ఆగింది. ఒంటిచేత్తో జడ అల్లడం ఎవరికి వస్తుంది? అది కాసేపు అట్లాగే ఉంది, ఎవరి కోసమో చూస్తున్నట్టు.

అప్పుడు మహిత మెడ వెనుక నుంచి, చల్లగా, తడిమట్టి అంటిన రెండో చెయ్యి వచ్చి ఒక పాయ అందుకుంది.